కోవెంట్రీ చర్చీలు చూడబోయే మా పాపకు

చిరంజీవి పాపకు, చిత్తూరు నుంచి పెద్దమామ దీవించి రాయడం. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. వానలే ఈసారి మొహం చాటేసినాయి.

ఇంగ్లండులో కోవెంట్రీకి చదువుకు పోయి, "ఈ ఊళ్ళో చూసేదానికి చర్చీలు తప్ప ఏమీ లేవు" అని మీ అమ్మతో ఫోన్లో అన్నావంటనే. మా కూతురింట్లో రెండు దఫాలు, ఆరేసి నెలలు ఉండి, ఆ ఊరిని కాళ్ళతో కొలిచినవాణ్ణి నేను. ముప్పై ఏండ్లు ఓవర్సీరుగా కంకర, సిమెంటు లెక్క చూసినవాణ్ణి కూడా. కాబట్టి ఇది భక్తుడి మాటగా కాకుండా పనివాడి మాటగా చదువుకో.

ముందు ఆ ఊరేందో తెలుసుకోవాల. మీ తాత మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టరు కొని ఊరంతా తిప్పి చూపించినాడు చూడు, ఆ ఫెర్గూసన్ల చిన్న బూడిదరంగు ట్రాక్టరు 1946 నుంచి తయారైంది కోవెంట్రీలోనే, బ్యానర్ లేన్ ఫ్యాక్టరీలో. ఇప్పుడు మనం తొక్కే సైకిలు, రెండు చక్రాలూ ఇంచుమించు ఒకే సైజు, వెనక చక్రానికి చెయిను, ఆ ఆకారం కూడా 1885లో స్టార్లీ అనే ఆయన అక్కడ చేసిన రోవర్ సైకిలుతో కుదురుకునింది. కార్లు, విమానం ఇంజన్లు, మిషను పనిముట్లు, అన్నిటికీ పేరుపడిన ఊరు. ఆ ఫ్యాక్టరీల మీద కన్నేసే 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ విమానాలు వచ్చి పడినాయి. తెల్లారేసరికి ఊరి నడిబొడ్డు బూడిద. ఆ ఊరి పెద్ద చర్చి, సెయింట్ మైకేల్ కెథెడ్రల్, దాని కప్పు కాలి కూలిపోయింది. గోడలు, పొడుగాటి గోపురం మాత్రం నిలబడినాయి.

అందుకే నీ మొదటి శనివారం ఆ మొండిగోడల దగ్గర మొదలుపెట్టు. కొత్త కెథెడ్రల్ పక్కనే అగుపిస్తా ఉంటుంది, రా రమ్మని పిలుస్తా ఉంటుంది. పోవద్దు. పాతదాంట్లో ఆకాశమే కప్పు. కిటికీ చట్రాలు ఉంటాయి, అద్దాలు ఉండవు. ఒక బెంచీ చూసుకుని పావుగంట కూర్చో. ఫోను బయటికి తీయవద్దు.

బలిపీఠం వెనక గోడ మీద రెండే మాటలు చెక్కినారు. "తండ్రీ, క్షమించు." మన తెలుగు బైబుల్లో "వీరిని క్షమించుము" అని ఉంటుంది. ఇక్కడ "వీరిని" లేదు. బాంబులు వేసినవాళ్ళనే క్షమించమంటే తాము సుద్దపూసలు అన్నట్టు అవుతుంది కదా, అందుకు వదిలేసినారు. అప్పటి కెథెడ్రల్ పెద్ద, ప్రోవోస్ట్ హోవర్డ్ అనే ఆయన, చేయించినాడు. ఊరు కాలిన పొగ వాసన పోకముందే ఆ మాట అనగలిగినాడంటే, పాపా, ఆయన గుండె ఎట్లాంటిదో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

కూలిన దూలాల్లో రెండు ఒకదాని మీద ఒకటి అడ్డంగా సిలువ మాదిరి పడి ఉంటే, జాక్ ఫోర్బ్స్ అనే రాతిపని మేస్త్రి చూసి వాటిని కట్టి నిలబెట్టినాడంట. బయట కనిపించేది దాని నకలు, అసలుది లోపల భద్రంగా ఉంది. పాత కప్పుకు కొట్టిన పెద్ద మేకులు మూటిని కలిపి ఇంకొక సిలువ చేసినారు. అట్లాంటి మేకుల సిలువలు తర్వాత జర్మనీకే పంపినారు, కీల్ ఊరికి, డ్రెస్డెన్‌కు, బెర్లిన్‌కు.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకు ఆ మొండిగోడల మధ్య ఒక ప్రార్థన చదువుతారు. ప్రతి వాక్యానికీ జనం "తండ్రీ, క్షమించు" అని బదులు పలకాల. క్లాసు లేకపోతే ఒక్కసారి పోయి నిలబడు. ఫోను మాత్రం సైలెంటులో పెట్టు. నేను పోయినప్పుడు ఆ నిశ్శబ్దంలో నా జేబులో గోవిందనామాలు గట్టిగా అందుకున్నాయి. ఎంత వెతికినా బటను దొరకదు. పక్కనున్న ముసలామె నవ్వి నా చెయ్యి తట్టింది కాబట్టి సరిపోయింది.

గోపురం ఎక్కనిస్తే ఎక్కు. 180 మెట్లు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినదానివి, అదొక లెక్కా. మెట్లు మాత్రం ఇరుకు, గుండ్రంగా తిరుగుతాయి, చలికోటు రాసుకుంటుంది.

కొత్తదాంట్లోకి రెండో శనివారం పో. పొద్దున్నే పో, ఆ మాటకు కారణం కింద చెప్తాను. మన గుడి కట్టేవాళ్ళు దిక్కు చూస్తారు, పాత చర్చీలు కట్టినవాళ్ళూ చూస్తారు, బలిపీఠం తూర్పున. ఈ కొత్తది కట్టిన బేసిల్ స్పెన్స్ పాతదానికి అడ్డంగా, ఉత్తరం ముఖంగా పెట్టినాడు. 219 మంది గీసిన ప్లాన్లలో ఆయనది ఎంచుకున్నారు. పాతదాన్ని పడగొట్టకుండా అట్లే ఉంచి దాని పక్కన కట్టాలన్నది ఆయన పట్టు. 1956లో ఎలిజబెత్ రాణి శంకుస్థాపన రాయి వేసింది, 1962 మే 25న ప్రతిష్ఠ జరిగింది. గుడి పడిపోతే జీర్ణోద్ధారణ చేస్తాం మనం, పాతదాన్ని విప్పి మళ్ళీ పేరుస్తాం. కాలినదాన్ని కాలినట్టే పెట్టుకుని పక్కన కొత్తది లేపడం నాకు మొదట మింగుడుపడలేదు.

ద్వారం దగ్గర ఒక గోడంతా అద్దమే. దాని మీద జాన్ హట్టన్ చెక్కిన దేవదూతలు, పునీతులు. లోపల నిలబడి వాళ్ళ సందుల్లోంచి చూస్తే పాత మొండిగోడలు అగుపిస్తాయి. అడుగు పెట్టగానే కుడిచేతి పక్క చూడు. బెత్లెహేము దగ్గరి కొండ నుంచి తెచ్చిన బండరాయి, పైన చిన్న గుంట తొలిచి బాప్తిస్మం తొట్టి చేసినారు. దాని వెనక జాన్ పైపర్ గీసిన కిటికీ, 195 పలకలు, నడుమ పసుపు పచ్చని వెలుగు, అంచులకు పోయేకొద్దీ నీలం, ఎరుపు. ఆ పక్క తూర్పు. అందుకే పొద్దున్నే పొమ్మన్నాను. చలికాలం నాలుగు గంటలకే చీకటి పడే ఊరు అది. సాయంత్రం పోతే ఆ కిటికీ నల్ల గోడే. ఉలి ఎక్కడా పెద్దగా తగలని ఆ బండకు, ఆ రంగులకు పొత్తు కుదిరిన తీరు చూస్తా నేను గంట సేపు నిలబడిపోయినాను. ఆ ఊళ్ళో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు అది.

ఎదురుగా బలిపీఠం వెనక పెద్ద నేత తెర. గ్రాహం సదర్లాండ్ బొమ్మ గీస్తే ఫ్రాన్సులో ఒకే ముక్కగా నేసినారు. 23 మీటర్లు ఎత్తు, 12 మీటర్లు వెడల్పు. కాళహస్తి కలంకారీ చూసిన కళ్ళు మనవి, అయినా అంత గుడ్డ చూస్తే నోరు తెరుచుకుంటుంది. ఆ క్రీస్తు ముఖం నాకు ఎన్నిసార్లు చూసినా పట్టుబడలేదు, ఉన్నమాట చెప్తున్నా. ఆయన పాదాల మధ్య చూడు, ఒక మనిషి నిలబడి ఉంటాడు, మన అంత ఎత్తే. ఆ మనిషిని చూసినాకనే ఆ తెర ఎంత పెద్దదో బుద్ధికి ఎక్కుతుంది. స్తంభాలు కూడా గమనించు. కింద సన్నం, పైకి పోయేకొద్దీ లావు. నా డ్రాయింగులో ఎవడైనా అట్లా గీసుకొస్తే వాపసు పంపి ఉందును.

ఇప్పుడు అసలు మాట. ద్వారం నుంచి ముందుకు నడిచేటప్పుడు పక్క గోడలు ఉత్త రాతి గోడల మాదిరే ఉంటాయి, కిటికీలు కనపడవు. గోడలు రంపం పళ్ళ మాదిరి మడతలు పెట్టి, కిటికీలన్నీ బలిపీఠం వైపు తిప్పి పెట్టినాడు స్పెన్స్. బలిపీఠం దాకా పోయి, దానికి వీపు పెట్టి వెనక్కు తిరిగితేనే పది కిటికీలూ ఒక్కసారి వెలుగుతాయి. ఒక్కొక్కటి 21 మీటర్ల ఎత్తు. ద్వారం దగ్గర ఆకుపచ్చ, తర్వాత ఎరుపు, ఆపైన అన్ని రంగులూ కలిసిన జత, ఊదా, చివరికి బంగారు రంగు. మనిషి పుట్టుక నుంచి పైలోకం దాకా నడక అది. మనకు చిన్నప్పటి నుంచి దేవుడికి వీపు చూపించకూడదని నేర్పినారు. తిరుమలలో "జరగండి జరగండి" అని తోస్తా ఉంటే కూడా స్వామి మీద కన్ను తీయకుండా వెనక్కే అడుగులేస్తాం కదా. ఆ అలవాటుతోనే నేను మొదటిసారి బలిపీఠం వైపే చూస్తా వెనక్కు నడిచి, కిటికీలు ఒక్కటీ చూడకుండా బయటపడినాను. రెండోసారి పోయినప్పుడు మా మనవడు భుజం పట్టుకుని తిప్పినాడు. నువ్వు మొదటిసారే తిరుగు.

పోయే ముందు పరిశ్రమల చాపెల్ అనే చిన్న ప్రార్థన గదిలోకి కూడా తొంగిచూడు. దాని కిటికీలకు రంగులు లేవు, ఉత్త అద్దం. లోపల ప్రార్థన చేసేవాళ్ళకు బయట పనిచేసే ఊరు కనపడాలని అట్లా పెట్టినారు.

మర్యాదల సంగతి. చెప్పులు విడవొద్దు! మన చిత్తూరులో చర్చికి పోతే గడప బయటే వదలడం చూసినదానివి. నేను అక్కడ అదే అలవాటున బూట్లు విప్పి, మేజోళ్ళతో చల్లని రాతి మీద నిలబడితే, "అయ్యా, జలుబు చేస్తుంది" అని అక్కడి వలంటీరు వెంటపడినాడు. మగపిల్లలు కూడా వస్తే టోపీలు తీయమను. ఆరాధన జరిగేటప్పుడు తిరగవద్దు, వెనక వరసలో కూర్చో. రొట్టె, ద్రాక్షారసం ఇచ్చేటప్పుడు బాప్తిస్మం తీసుకోనివాళ్ళు పుచ్చుకోరు. పోవాలనిపిస్తే చేతులు ఎదమీద కత్తెర మాదిరి పెట్టుకుని పోతే దీవిస్తారు, అంతే. కుర్చీల దగ్గర కుట్టుపని చేసిన చిన్న దిండ్లు ఉంటే అవి మోకాళ్ళకు, కాళ్ళు పెట్టేదానికి కాదు. కొవ్వొత్తి వెలిగిస్తే పెట్టెలో చిల్లర వెయ్యి.

అదే వీధిలో నాలుగడుగుల్లో హోలీ ట్రినిటీ. ఇది కాలకుండా మిగిలిన పాత చర్చి. లోపల ఎదుటి ఆర్చీ మీదికి తల ఎత్తు. 1430ల నాటి తీర్పు దినం బొమ్మ. మన యమధర్మరాజు, చిత్రగుప్తుడి లెక్కే అనుకో. కూజాలు పట్టుకున్న సారా అంగడి ఆడవాళ్ళను నరకానికి పంపేది చూసి మీ అత్త తెగ సంబరపడింది. 1831లో ఒకసారి బయటపడి, పైన పూసిన వార్నీషు నల్లబడి మళ్ళీ మరుగైపోయి, శుభ్రం చేసి 2004లో మళ్ళీ చూపించినారు. చూసేదానికి అరగంట చాలు.

మూడో శనివారం బస్సెక్కి టైల్ హిల్ పో, సెయింట్ ఓస్వాల్డ్ చర్చి. టూరిస్టులు పోరు అక్కడికి. యుద్ధం తర్వాత ఫ్యాక్టరీ పనివాళ్ళకు కట్టిన కాలనీల్లో స్పెన్సే చవకగా కట్టిన మూడు చర్చీల్లో ఒకటి, ఫెర్గూసన్ ఫ్యాక్టరీ ఉన్న పక్కనే. ఇసుక లేని కాంక్రీటు! ఉత్త కంకర, సిమెంటు, నీళ్ళు. మధ్యలో బొక్కలుంటాయి కాబట్టి తడి పైకి పాకదు, బరువు తక్కువ, చుట్టుపక్కల ఇండ్లు కూడా అదే పద్ధతి. ఇసుక దొరక్క పనులు ఆగిపోయిన రోజుల్లో నాకు ఎవరైనా ఈ సంగతి చెప్పి ఉంటే ఎంత బాగుండును. గంట గోపురం చర్చికి విడిగా, చట్రం మాదిరి నిలబడి ఉంటుంది. చూసి ఎట్లా ఉందో నాకు రాయి. కెథెడ్రల్ కన్నా ఇదే నచ్చిందంటే నేనేమీ అనుకోను.

సెలవులకు వచ్చినప్పుడు వేలూరు కోటకు పోదాం. జలకంఠేశ్వరుడి గుడి, మసీదు, 1846లో కట్టిన సెయింట్ జాన్స్ చర్చి మూడూ ఒకే కోటలో ఉన్నాయి, చిత్తూరు నుంచి బస్సులో గంట. చిన్నప్పుడు నిన్ను తీసుకుపోయినాను, ఐస్‌ప్రూట్ కోసం ఏడ్చి ఏమీ చూడలేదు నువ్వు.

మీ అత్త ఉసిరికాయ ఊరగాయ పార్సిల్ చేస్తా ఉంది. నూనె కారకుండా రెండు కవర్లలో పెట్టమన్నాను. అందినాక ఫోను చెయ్యి.

మీ పెద్దమామ