యెజెబెలును రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

నీ నవల రెండుసార్లు చదివాను. బైబిల్లో చెడ్డదని పేరుపడ్డ రాణి, ఇశ్రాయేలు రాజు అహాబు భార్య యెజెబెలు మీద జాలిపడే ధైర్యం నీకుంది. అది చిన్న విషయం కాదు. నా చిన్నప్పుడు మా పేట మందిరానికి కాటుక పెట్టుకుని వచ్చిన ఓ కొత్త పెళ్ళికూతుర్ని ఒక పెద్దావిడ ఆ పేరుతో పిలిచింది. ఆ పిల్ల తల వంచుకోవడం నాకింకా గుర్తే. అందుకే నీ కోపం నాకు అర్థమవుతుంది.

కానీ నీ మూడో అధ్యాయంలో నాబోతు లేడు. నా బాధంతా అదే.

మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయం నాతోపాటు ఇంకోసారి నెమ్మదిగా చదువు. యెజ్రెయేలులో రాజనగరు పక్కన నాబోతు ద్రాక్షతోట. దాన్ని కూరతోట చేసుకుందామని అహాబుకు మనసైంది. ఇంతకంటే మంచి తోట ఇస్తానన్నాడు, లేదంటే వెల కట్టిస్తానన్నాడు. పిత్రార్జితం, ఇవ్వనన్నాడు నాబోతు. రాజు అలిగి మంచమెక్కాడు, ముఖం తిప్పుకుని పడుకున్నాడు, అన్నం మానేశాడు. సీదోనీయుల రాజు ఎత్బయలు కూతురు యెజెబెలు. రాజు అడిగితే ఒక రైతు కాదనడం పుట్టింట్లో ఎన్నడూ విని ఉండకపోవచ్చు. ఇశ్రాయేలును ఏలేది నువ్వు కాదా అని మొగుణ్ణి అడిగింది. లేచి భోంచెయ్యి, తోట నేనిప్పిస్తానంది.

ఆ తర్వాత కూర్చుని ఉత్తరాలు రాసింది. అహాబు పేరుతో, అహాబు ముద్రతో. ఉపవాసం చాటించండి, నాబోతును జనం ముందు కూర్చోబెట్టండి, దేవుణ్ణీ రాజునూ దూషించాడని ఇద్దరు పనికిమాలినవాళ్ళ చేత చెప్పించండి, రాళ్ళతో కొట్టి చంపండి అని. ఇద్దరే ఎందుకు? ఒక్క సాక్షి మాట మీద ఎవరికీ మరణశిక్ష వెయ్యకూడదని మోషే ధర్మశాస్త్రం. పరదేశం నుంచి వచ్చిన కోడలు అత్తింటి చట్టాన్ని అంత క్షుణ్ణంగా నేర్చుకుంది! నీ నవల్లో ఆమె ఏమీ ఎరగని పిల్ల. మూలంలో ఆమె మనిద్దరికంటే పదునైన రచయిత్రి. వాళ్ళ భక్తినీ వాళ్ళ చట్టాన్నీ వాడుకుని ఒక అబద్ధం రాసింది, దానితో ఒక మనిషి ప్రాణం పోయింది. అతని కొడుకుల రక్తం కూడా చిందినట్టు రెండో రాజుల గ్రంథంలో ఒక్క మాట వస్తుంది.

ఇంకో సంగతి. ముద్ర రాజుది. పని ముగిశాక ఊరి పెద్దలు కబురు పంపింది మాత్రం యెజెబెలుకి. ఎవరు రాశారో వాళ్ళకు తెలుసన్నమాట. తెలిసీ ఒక్కడూ నోరు మెదపలేదు. నేనైతే ఆ అధ్యాయాన్ని ఉత్తరం అందిన రాత్రి, ఆ పెద్దల్లో ఒకరి ఇంట్లో మొదలుపెడతాను.

నీ జాలికి చోటు వేరే ఉంది. ఆమె పరపురుషుణ్ణి చేరిన సంఘటన రాజుల గ్రంథాల్లో ఒక్కటీ లేదు. అహాబు వంశం మీద తిరగబడ్డ సేనాధిపతి యెహూ నోట "జారత్వం, చిల్లంగితనం" అన్న మాటలు వస్తాయి. ప్రవక్తల భాషలో జారత్వమంటే ఎక్కువగా అన్యదేవతల్ని కొలవడమే. తర్వాత ప్రకటన గ్రంథం తుయతైర సంఘంలోని ఒక స్త్రీకి ఆ పేరు తగిలించింది. ఇవాళ మన ప్రసంగాల్లో "యెజెబెలు ఆత్మ" దాకా వచ్చింది. అసలు పేరు ఆమె పుట్టింటి దేవుడు బయలును పిలిచే కేకని, "ప్రభువు ఎక్కడ" అని దాని అర్థమని చాలామంది పండితులు అంటారు. హెబ్రీ రాతలో అది పెంట అనే మాట ధ్వనించేలా మారిపోయింది. ఆమెను ద్వేషించినవాళ్ళు రాసిన కథ ఇది. ద్వేషించడానికి వాళ్ళకు కారణం ఉంది, యెహోవా ప్రవక్తల్ని ఆమె చంపించింది. కీషోను వాగు దగ్గర యెహోవా ప్రవక్త ఏలీయా చంపించిన 450 మంది బయలు ప్రవక్తలు ఆమె పోషణలో బతికినవాళ్ళు. ఈ రెండు లెక్కలూ నీ నవల్లో ఉండాలి.

ఇక చివరి రోజు. యెహూ ఆమె కొడుకు యెహోరామును చంపి, శవాన్ని ఆ నాబోతు పొలంలోనే పడేయించాడు. అతను నగరుకు వస్తున్నాడని విని ఆమె ముఖానికి రంగు పూసుకుందని మన తెలుగు బైబిలు. హెబ్రీలో ఉన్నది కళ్ళు. కళ్ళకు అంజనం పెట్టుకుంది. కాటుక! తల అలంకరించుకుని కిటికీలోంచి చూసింది. ఎందుకో మూలం చెప్పదు. నువ్వు పేజీన్నర చెప్పావు. తీసెయ్. దాని బదులు ఆమె మాట విను. యెహూను ఆమె "జిమ్రీ" అని పిలుస్తుంది. జిమ్రీ తన రాజును చంపి తిర్సాలో ఏడు రోజులు ఏలాడు. అతని మీదికి దండెత్తినవాడు ఒమ్రీ, ఈమెకు మామ. ఆ ఒక్క పేరులో అత్తింటి చరిత్ర ఉంది, శాపం ఉంది. (శాపం ఫలించలేదు, యెహూ 28 ఏళ్ళు ఏలాడు.) చావు ముంగిట అంత పొదుపుగా మాట్లాడిన మనిషికి మూడు పేజీల స్వగతం ఎందుకమ్మా?

మూడో అధ్యాయం తిరగరాసి పంపు. నాబోతుకు ఆ తోటలో ఒక ఉదయం ఇవ్వు. తీగలు కత్తిరిస్తూనో, కొడుకును కేకేస్తూనో కనిపించనీ. యెజ్రెయేలు తవ్వకాల్లో రాతిలో తొలిచిన పాత ద్రాక్షగానుగ బయటపడింది. దాని ఫోటోలు చూసి, అక్కడ నిలబడ్డ కాళ్ళు ఎలా ఉంటాయో ఊహించి రాయి. నేను ఎదురుచూస్తుంటాను.

దీవెనలతో,
నీ మాస్టారు