ట్రయల్‌లో ప్రాణం నిలిపిన మాత్ర నాన్నగారికెందుకు వికటించింది?

ప్రశ్న: నాన్నగారికి 74 ఏళ్ళు. గుండె పంపింగ్ తగ్గిందని స్పైరనోలాక్టోన్ రాశారు, పెద్ద ట్రయల్‌లో మరణాల్ని 30 శాతం తగ్గించిన మందన్నారు. మధ్యలో రక్తపరీక్ష మాట ఎవరూ ఎత్తలేదు. వేసవి కదా అని మేం రోజూ కొబ్బరి బొండం తాగించాం. మూడో నెలలో పొటాషియం 6.4కి చేరి ఐసీయూలో పెట్టారు. ఆ ట్రయల్ లెక్కలన్నీ ఉత్తివేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉత్తివి కావమ్మా. అది 1999లో వచ్చిన రేల్స్ ట్రయల్, 1,663 మంది మీద చేశారు, ఆ 30 శాతం నిజమే. కాకపోతే ఈ మాత్ర ఒంట్లో పొటాషియం పెంచుతుంది, అందుకే ఆ ట్రయల్‌లోకి ఎవర్ని రానిచ్చారో చూడాలి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.5 దాటినవాళ్ళని తీసుకోలేదు, పొటాషియం 5 దాటినా తీసుకోలేదు, సగటు వయసు 65, పైగా మొదటి మూడు నెలలూ నాలుగు వారాలకోసారి రక్తం తీసి చూశారు. మన ఇళ్ళలో అలా చూసేదెవరు?

కెనడాలోని ఒంటారియోలో ఇదే జరిగింది. హార్ట్ ఫెయిల్యూర్‌తో (గుండె పంపింగ్ సరిగా లేక) ఆసుపత్రిలో చేరి వచ్చి, రామిప్రిల్ లాంటి మందు (ఇదీ పొటాషియం పెంచే గుండె మందే) కూడా వాడుతున్న పెద్దవాళ్ళలో 1994లో వెయ్యికి 34 మందికి ఈ మాత్ర రాస్తే, ట్రయల్ ఫలితాలు వచ్చాక 2001 చివరికి అది 149 అయింది. పొటాషియం పెరిగి ఆసుపత్రి పాలైనవాళ్ళు వెయ్యికి 2.4 నుంచి 11కి, దానితో చనిపోయినవాళ్ళు 0.3 నుంచి 2కి పెరిగారు. పోనీ మొత్తం మరణాలైనా తగ్గాయా అంటే, అదీ చెప్పుకోదగ్గంతగా లేదు!

అదే స్కాట్లాండ్‌లోని టేసైడ్‌లో ఈ మందు వాడకం బాగా పెరిగినా పొటాషియం కేసులు అలా ఎగబాకలేదు, ఎందుకంటే అక్కడ రక్తపరీక్షలు కూడా పెరిగాయి. అందుకే నేను మందుని తప్పుపట్టను, పరీక్ష రాయకుండా పంపినవాళ్ళనే తప్పుపడతాను.

కొబ్బరినీళ్ళలో పొటాషియం బాగా ఉంటుంది, మంచిదని కొనే లో సోడియం ఉప్పులోనూ అదే. మోకాళ్ళ నొప్పికి షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ కిడ్నీ మీద పడుతుంది, విరేచనాలు పట్టుకుంటే ఇంకా ప్రమాదం. ఇవన్నీ ఒకేసారి కలిసొచ్చాయంటే మాత్ర చిన్నదైనా తట్టుకోలేరు.

పాత కాగితాలు తీసి, మాత్ర మొదలెట్టకముందు క్రియాటినిన్ ఎంతుందో చూడండి, ఆయన నొప్పి మాత్రలేమైనా మింగారేమో మెల్లగా అడగండి (మగవాళ్ళు ఇలాంటివి చెప్పరు). రెండూ రాసుకుని డాక్టరు దగ్గరికెళ్ళండి. మళ్ళీ మొదలెట్టాలా, తక్కువ మోతాదు 12.5 మి.గ్రా. సరిపోతుందా అన్నది ఆయనే తేలుస్తారు, మొదలెడితే మాత్రం మొదలెట్టిన వారానికి ఒకసారి, నెలకి ఒకసారి, ఆ తర్వాత డాక్టరు చెప్పినప్పుడల్లా పొటాషియం, క్రియాటినిన్ చూడాలని చీటీ మీద రాయించుకునే బయటికి రండి.