ఓడ రేవుకు చేరాక మనం ఎప్పుడు దిగేది?

ప్రశ్న: ఇటీవల మా కుటుంబం ఒక పెద్ద క్రూయిజ్ నౌకలో విహారయాత్ర చేసింది. చివరి రోజు తెల్లవారేసరికే ఓడ రేవులో ఆగింది. ఎనిమిదింటికి మా వంతు వస్తుందని ముందురోజు చెప్పిన సిబ్బంది, పదకొండు దాటేదాకా మమ్మల్ని మెట్ల దగ్గరే నిలబెట్టారు. ఎందుకు ఆగామో చెప్పే దిక్కు లేదు. మధ్యాహ్నం విమానం తప్పిపోయింది. పరిహారం అడగవచ్చా? మరోసారి ఇలా జరగకుండా ఏం చేయాలి?

జవాబు: ఓడను రేవులో కట్టినంత మాత్రాన ప్రయాణికులు దిగడానికి వీలుండదు. స్థానిక అధికారులు అనుమతి ఇచ్చాకే గ్యాంగ్‌వే (ఓడ నుంచి ఒడ్డుకు దిగే దారి) తెరుస్తారు. ఆ తర్వాత సామాను ఒడ్డుకు చేరాలి, ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలు సాగాలి. వీటిలో ఏది నెమ్మదించినా వెనుక ఉన్న వరుస మొత్తం ఆగిపోతుంది.

తరచుగా చిక్కు వచ్చేది సామాను దగ్గరే. ముందురాత్రి కేబిన్ల బయట పెట్టించిన పెట్టెలను సిబ్బంది కింది డెక్కుకు చేర్చి, ఉదయం ఒడ్డుకు దింపి, ట్యాగుల రంగు లేదా సంఖ్య ప్రకారం టెర్మినల్ హాలులో పేరుస్తారు. ఆ హాలు నిండిపోతే, ముందు దిగినవారు తమ పెట్టెలు వెతుక్కుని బయటికి వెళ్లేదాకా తర్వాతి ట్యాగువారిని పిలవరు. 2024లో సేవలోకి వచ్చిన ఐకాన్ ఆఫ్ ది సీస్ వంటి ఓడలో గరిష్ఠంగా 7,600 మంది ప్రయాణికులకు చోటుంది. అంతమంది కొద్దిపాటి ద్వారాల గుండా ఒకే ఉదయం బయటపడాలంటే చిన్న ఆటంకం కూడా గంటల ఆలస్యంగా మారుతుంది. సంస్థ కావాలని ఆపుతుందనుకోవడం మాత్రం సరికాదు, ఎందుకంటే చాలా ఓడలు అదే రోజు కొత్త ప్రయాణికులను ఎక్కించుకుని బయలుదేరాలి.

పొగమంచు, అధికారుల తనిఖీ సంస్థ చేతిలో లేనివి. కానీ జనాన్ని మెట్ల మీద పోగుపడనివ్వడం, అరగంటకొకసారైనా పరిస్థితి ఇదీ అని ప్రకటించకపోవడం నిస్సందేహంగా నిర్వహణ లోపమే. మీరు రాసినదాన్ని బట్టి మిమ్మల్ని ఎక్కువగా బాధపెట్టింది కూడా ఈ మౌనమేననిపిస్తోంది. (తమ సంఖ్య పిలవకముందే పెట్టెలతో లిఫ్టుల ముందు చేరే ప్రయాణికులు ఈ గందరగోళానికి తమ వంతు సాయం చేస్తూనే ఉంటారు.)

ఇక పరిహారం విషయంలో ఆశ తక్కువే. తప్పిపోయిన విమానాలకు తాము బాధ్యులం కామని టికెట్ షరతుల్లో సంస్థలు సాధారణంగా ముందే రాసుకుంటాయి. సముద్ర ప్రయాణికుల హక్కులపై ఐరోపా సమాఖ్య 2010లో చేసిన 1177వ నిబంధన ఆలస్యంగా చేరినందుకు టికెట్ ధరలో కొంత భాగం తిరిగి ఇప్పిస్తుంది గానీ, క్రూయిజ్ ప్రయాణికులకు ఆ వెసులుబాటును వర్తింపజేయలేదు. క్రూయిజ్ సంస్థల సంఘం 2013లో ప్రకటించిన హక్కుల పత్రంలో రేవులో ఉన్న ఓడ దిగే హక్కు ప్రస్తావన ఉన్నా, అది ఓడలో ఆహారం, నీరు, మరుగుదొడ్లు, వైద్యం వంటివి సరిగా అందించలేని పరిస్థితికే పరిమితం. మీ విమానం టికెట్‌ను క్రూయిజ్ సంస్థ ద్వారానే కొని ఉంటే వారినే ముందుగా అడగండి. ప్రయాణ బీమా ఉంటే, ఏ కారణంతో ఎన్ని గంటలు ఆలస్యమైతే చెల్లిస్తారో పాలసీలో చూసుకోండి. ఆలస్యాన్ని ధ్రువీకరిస్తూ సంస్థ నుంచి ఒక ఉత్తరం తీసుకుంటే క్లెయిముకు పనికొస్తుంది.

మరోసారి వెళ్లినప్పుడు పెట్టెలు మీరే మోసుకుని దిగే పద్ధతిని ఎంచుకోండి. చాలా ఓడల్లో అలాంటివారినే మొదట పంపుతారు. అయితే మెట్ల మీద కూడా మోయగలిగినంత సామానే ఉంటేనే ఇది పనికొస్తుంది. మధ్యాహ్నం తర్వాతి విమానం చాలునని సంస్థలు చెబుతుంటాయి గానీ, సాయంత్రం దాకా ఆగగలిగితే ఆగడమే మేలని నా ఉద్దేశం.

ప్రశ్న: మా అమ్మగారు వీల్‌చెయిర్‌లో ఉంటారు. ఆవిడను కూడా అదే వరుసలో నిలబెడతారా?

జవాబు: అవసరం లేదు. సహాయం కావాలని అతిథి సేవల కౌంటరులో కనీసం ఒక రోజు ముందే నమోదు చేయించండి. ఏ సమయానికి, ఏ లాంజిలో కూర్చోవాలో చెబుతారు. సిబ్బంది అక్కడికే వచ్చి తీసుకెళతారు. దారిలో ఓడ లంగరు వేసి చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చే రేవులుంటే మాత్రం, అలలను బట్టి వీల్‌చెయిర్‌ను పడవలోకి అనుమతించకపోవచ్చు. అలాంటి రేవులు ఏవేవో టికెట్ కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి.