మొరాయించే ఆటోపైలట్: తెరచాప పడవ పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా పడవలో చుక్కానిని తనంతట తానే తిప్పే ఆటోపైలట్‌కు ఇరవై ఏళ్లు. డెక్ కింద లీనియర్ డ్రైవ్ (చుక్కానిని అటూ ఇటూ తోసే మోటారు కడ్డీ). గాలి మందంగా ఉన్నంతసేపూ చక్కగా నడుపుతుంది. అలలు లేచేసరికి ‘లో బ్యాటరీ’ అని అరిచి స్టాండ్‌బైలోకి పోతుంది, అంటే నడపడం మానేస్తుంది. బ్యాటరీ దగ్గర మీటరు పెడితే 12.6 వోల్టులు. కంప్యూటర్ పెట్టె మార్చాల్సిందేనా?

జవాబు: పెట్టె జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు తీగ చూడండి. మీరు చూసిన 12.6 మోటారు తిరగనప్పటి లెక్క, అదీ బ్యాటరీ దగ్గరిది. గాలి పెరిగితే చుక్కానిని తోయడానికి మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. ఆ కరెంటుకు పాత జాయింట్లు అడ్డుపడతాయి.

లెక్క వేద్దాం. బ్యాటరీకీ పైలట్‌కూ మధ్య 5 మీటర్లంటే రానూపోనూ 10 మీటర్ల తీగ. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగైతే నిరోధం సుమారు 0.07 ఓములు. 8 ఆంపియర్లు పారితే తీగలోనే 0.56 వోల్టు పోతుంది. చిలుము పట్టిన ఒక్క ప్లగ్గు 0.15 ఓములు కలిపిందంటే ఇంకో 1.2 వోల్టులు హరీ. లోడు మీద బ్యాటరీ 12.2కు దిగిందనుకుంటే పైలట్‌కు మిగిలేది పదిన్నర లోపే. అంటే అలారం నిజమే చెబుతోంది.

కొలిచే పద్ధతి ఇది. మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఒక ప్రోబును బ్యాటరీ ప్లస్ మీద, రెండోదాన్ని పొడవాటి తీగతో పైలట్ కంప్యూటర్ ప్లస్ టెర్మినల్ మీద ఆనించండి. పడవ కట్టి ఉన్నప్పుడే ఒకరు పది డిగ్రీల మీటను అటూ ఇటూ నొక్కుతూ ఉంటే, ఇంకొకరు చుక్కాని చక్రాన్ని కాస్త బిగపట్టాలి. మోటారు తిరిగే క్షణంలో మీటరు చూపేది ప్లస్ దారిలో పోయిన వోల్టేజీ. మైనస్ వైపూ అలాగే చూడండి. చాలామంది ఇది మరిచిపోతారు, లోపం మాత్రం అక్కడే కూర్చుంటుంది. రెండూ కలిపి 0.4 దాటకపోతే మంచిది. దాటితే రెండో ప్రోబును వెనక్కి జరుపుతూ ఫ్యూజు హోల్డరు, స్విచ్ ప్యానెల్ వెనక స్క్రూ, బస్‌బార్ (తీగలన్నీ కలిసే లోహపు పట్టీ) వరుసగా చూడండి. అంకె ఒక్కసారిగా పడిపోయిందంటే ఇప్పుడే దాటి వచ్చిన జాయింటే దొంగ.

తీగ కొస నల్లబడి ఉంటే మెరిసే రాగి కనపడేదాకా కోయండి. కోసే కొద్దీ నలుపే వస్తుంటే మొత్తం తీగ మార్చడం తప్పదు: తగరం పూత ఉన్న 6 చదరపు మిల్లీమీటర్ల తీగ, రాచెట్ క్రింపింగ్ పట్టకారుతో లగ్గులు (తీగ కొసకు బిగించే లోహపు తొడుగులు), వాటి మీద లోపల జిగురున్న హీట్‌ష్రింక్ గొట్టం. ఇదే దూరానికి ఇదే కరెంటుకు ఆ తీగలో పోయేది 0.23 వోల్టే.

వోల్టేజీ సరిగ్గానే అందుతున్నా ఆగిపోతుంటే డ్రైవ్‌ను విడదీసి చక్రాన్ని చేత్తో తిప్పండి. చుక్కాని బేరింగు బిగిసిపోయి ఉంటే ఏ మోటారూ మోయలేదు. అది తేలిగ్గానే తిరిగితే మోటారు బ్రష్షులు అరిగాయేమో, లోపల కార్బన్ పొడి పేరుకుందేమో చూడండి.

ప్రశ్న: సీటాక్ (పడవ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగ వ్యవస్థ) లైన్ మీద ఐదు పాత పరికరాలు ఉన్నాయి. ఒకరోజు అన్నీ వెలిగాయి కానీ అంకెల బదులు గీతలే. పైలట్ ‘నో డేటా’ అంటోంది.

జవాబు: పాత సీటాక్‌లో మూడే తీగలు: ఎరుపు 12 వోల్టులు, షీల్డు (తీగల చుట్టూ ఉండే లోహపు అల్లిక) మైనస్, పసుపు డేటా. డేటా లేనప్పుడు పసుపు తీగ 12 వోల్టుల దగ్గర నిలబడాలి. మాట్లాడాలనుకున్న పరికరం దాన్ని కిందికి లాగి వదులుతుంది. ఏ ఒక్క పరికరంలో ఆ తీగ మైనస్‌కు షార్టయినా మిగతా అన్నిటి నోరూ మూతపడుతుంది. పసుపుకూ షీల్డుకూ మధ్య కొలవండి. సున్నా దగ్గరే ఉండిపోతే లైనును సగానికి విడదీసి, ఏ సగం కోలుకుంటుందో చూడండి. చెడ్డ సగాన్ని మళ్లీ సగం చేయండి. ఐదింటికి రెండు మూడు సార్లు విప్పితే చాలు. చాలాసార్లు పరికరం మంచిదే అయి, వెనక ప్లగ్గులో ఉప్పునీళ్లు చేరి ఉంటాయి.

మీ దగ్గర ఇదే పని చేసే కొత్త ఎన్‌ఎంఈఏ 2000 లైను కూడా ఉంటే అక్కడ పరీక్ష వేరు. కరెంటు తీసేసి తెలుపు, నీలం తీగల మధ్య ఓములు చూడాలి. 60 రావాలి. 120 వస్తే చివరి టెర్మినేటర్లలో (లైను రెండు కొసలా పెట్టే 120 ఓముల నిరోధకాలు) ఒకటి ఊడిందని అర్థం, 40 వస్తే ఎవరో మూడోది తగిలించారన్నమాట.

ప్రశ్న: గాలి వేగం వస్తోంది, దిశ ముల్లు మాత్రం ఒకచోటే ఆగింది. గాలి సెన్సరున్న తెరచాప స్తంభం ఎక్కక తప్పదా?

జవాబు: ఇంకా ఎక్కకండి. వేగం వస్తోందంటే పైకి కరెంటు, మైనస్ రెండూ వెళ్తున్నట్టే. ఎస్‌టీ60 తరహా గాలి పరికరాల్లో ఎరుపు మీద 8 వోల్టులు వెళ్తాయి, పసుపు మీద వేగపు పల్సులు దిగుతాయి, దిశను నీలం, ఆకుపచ్చ కలిసి చెబుతాయి. స్తంభం మొదట్లో ఉన్న కనెక్టర్ దగ్గర షీల్డుతో పోల్చి ఆ రెండింటినీ కొలుస్తూ, ఇంజనుతో పడవను నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. రెండూ 2 నుంచి 6 వోల్టుల మధ్య మారుతూ ఉండాలి. అక్కడ మారుతూ డయల్ దగ్గర మారకపోతే లోపం కింది తీగలో ఉంది. అక్కడే ఒకటి కదలకపోతే అప్పుడు పైకి ఎక్కాలి.

ప్రశ్న: పాత జీపీఎస్ దాదాపు ఇరవై ఏళ్ల వెనకటి తేదీ చూపిస్తోంది. పైలట్‌కు దాని నుంచే మార్గం వెళ్తోంది. ప్రమాదమా?

జవాబు: స్థానానికి ఢోకా లేదు. పాత జీపీఎస్ సంకేతంలో వారాల లెక్కకు పది బిట్లే ఉన్నాయి. 1,024 వారాలు, అంటే సుమారు 19.6 ఏళ్లు కాగానే అది సున్నాకు వస్తుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో మరోసారి అలా జరిగింది. మళ్లీ 2038 నవంబరులో జరుగుతుంది. కొన్ని రిసీవర్లు తమ సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకున్న సొంత తేదీని బట్టి వేరే రోజున కూడా తప్పుతాయి. పైలట్‌కు కావలసింది దారి తప్పిన దూరం, తదుపరి బిందువు దిశ. తేదీతో దానికి పని లేదు. అయితే ఆ యంత్రం చూపే ఆటుపోట్ల సమయాలను మాత్రం నమ్మకండి, అవి తేదీ మీదే నడుస్తాయి.

ప్రశ్న: పైలట్ చూపే దిక్కు నిన్నటి నుంచి పాతిక డిగ్రీలు తేడా. క్యాలిబ్రేషన్ (దిక్సూచిని సరిచూసి సరిదిద్దడం) మళ్లీ చేయాలా?

జవాబు: చేయకండి, ఇంకా. పైలట్‌కు దిక్కు చెప్పే ఫ్లక్స్‌గేట్ (ఎలక్ట్రానిక్) దిక్సూచి ఉన్న అరను తెరవండి. అందులో కొత్తగా ఏ రెంచీయో, స్పీకరో, డబ్బా ఆహారమో చేరి ఉంటుంది. మీటరు దూరంలోకి ఇనుము రానివ్వకండి. అయస్కాంతాన్నైతే ఇంకా దూరంగా పెట్టండి. అది తీశాక కూడా తేడా ఉంటేనే, ప్రశాంతమైన నీటిలో 2 నాట్ల లోపు వేగంతో, ఒక్కో చుట్టుకు కనీసం 2 నిమిషాలు తీసుకుంటూ పడవను తిప్పి క్యాలిబ్రేట్ చేయండి.