బడిబాటకు బయల్దేరే ముందు

అమ్మా,

ప్రైమరీ స్కూల్‌కి హెచ్‌ఎంగా వెళ్లావని తెలిసి చాలా సంతోషించాను. పిల్లలు అరవై దాటడం లేదని రాశావు. నీ టెన్షన్ నాకు అర్థమైంది. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం 60 మంది వరకు ఇద్దరు టీచర్లే, 60 దాటితేనే మూడో టీచరు. ఇద్దరితో ఐదు తరగతులు నడుస్తున్న బడిలో బిడ్డను వేయాలంటే ఎవరైనా వెనకాడతారు. పిల్లలు తగ్గి టీచరు పోతే, ఆ టీచరు లేరని ఇంకొందరు పిల్లలు పోతారు.

అయినా బడిబాటను, అంటే పిల్లల్ని బడిలో చేర్పించే పనిని, కరపత్రాలతో, ర్యాలీతో మొదలుపెట్టకు. నేను ఒక ఏడాది ఆ పొరపాటే చేశాను. జూన్‌లో ఇల్లిల్లూ తిరిగి పద్దెనిమిది మందిని చేర్పించాను. దసరా సెలవుల తర్వాత ఏడుగురు రాలేదు. ఒక తల్లిని అడిగితే ఏమీ అనకుండా కొడుకును పిలిచి వాచకం తెరిచి పెట్టింది. వాడు గేయం గడగడా చెప్పేశాడు. నోరు చివరి లైనుకు చేరింది, వేలు మాత్రం రెండో లైను మీదే ఉంది. ‘చదవట్లేదు సార్, బట్టీ పట్టిండు’ అంది. ఆమె బడి ముఖం చూడలేదు. మూడు నెలలు నా ముందే కూర్చున్న పిల్లవాడి సంగతి ఆమె కనిపెట్టింది, నేను కనిపెట్టలేదు.

అందుకే మొదటి రెండు వారాలు ఒక్కొక్కరినీ నీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించు. ఏ తరగతి అన్నది పక్కన పెట్టు. అక్షరాల దగ్గర ఆగినవాళ్లు, పదాల దగ్గర ఆగినవాళ్లు, వాక్యం చదవగలిగేవాళ్లు, కథ చదివేవాళ్లు అని గుంపులు చేసి రోజూ ఒక గంట వాళ్లకే ఇవ్వు. పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ 2024 సర్వేలో పల్లెల్లోని ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 23.4 శాతమే. నీ బడిలో ఇంకా తక్కువ తేలినా కంగారు పడకు, దాచకు.

స్కూల్ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. సంతకాల రిజిస్టరు తిప్పి పంపేస్తే ఆ మీటింగ్ ఎందుకు? నెలకోసారి తల్లిని పిలిచి, బిడ్డ అంతకుముందు చూడని పేజీ ఒకటి ఆమె పక్కనే చదివించు. అందరి ముందూ వద్దు, పిల్లలు చిన్నబోతారు. ఆ తల్లి ఇంటికెళ్లి పక్కింటామెకు చెప్పే మాట ముందు నీ కరపత్రం ఎంత!

అంగన్‌వాడీకి ఫిబ్రవరిలోనే వెళ్లు. జూన్ దాకా ఆగితే ప్రైవేటు బడి ఫీజు అప్పటికే కట్టేసి ఉంటారు. టీసీ రాలేదనో, బర్త్ సర్టిఫికెట్ లేదనో ఎవరినీ వెనక్కి పంపకు, చట్టం ఒప్పుకోదు. బాత్రూంలో నీళ్లు వస్తున్నాయో లేదో రోజూ నువ్వే చూసుకో. ప్రైవేటు బడిని తిట్టకు, అక్కడికి పంపిన తల్లికి కోపం వస్తుంది.

జూలై ఆఖరుకు ఏ గుంపులో ఎంతమంది ఉన్నారో నాకు రాసి పంపు. ఇంకా అక్షరాల దగ్గరే ఉన్న నాలుగు, ఐదు తరగతుల పిల్లల సంగతి విడిగా రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు