వీక్ డి వచ్చినప్పుడు రిపోర్టులో ఏం రాయాలి

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

బ్లడ్ బ్యాంకులో ఉద్యోగంలో చేరావని తెలిసి ఎంతో సంతోషించాను. ఆర్‌హెచ్ గ్రూపు చూసేటప్పుడు, యాంటీ-డి (డి యాంటిజెన్‌ను పట్టుకునే యాంటీబాడీ) వేయగానే ఒకదానికొకటి అతుక్కోని ఎర్రకణాలు, కణాలకు అంటిన యాంటీబాడీలను కలిపి పట్టే కూంబ్స్ సీరం వేశాక అతుక్కుంటే, అంటే వీక్ డి (బలహీనమైన డి) అయితే, పాజిటివ్ అని రాయాలా, నెగటివ్ అని రాయాలా అని అడిగావు. ముందు ఫారం చూడమ్మా. ఆ మనిషి రక్తం ఇవ్వడానికి వచ్చాడా, ఎక్కించుకోవడానికి వచ్చాడా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

కారణం తెలిస్తే ఈ నియమాన్ని బట్టీ పట్టనక్కర్లేదు. డి యాంటిజెన్ అంటే ఎర్రకణం పొరను 12 సార్లు అటూ ఇటూ దాటుతూ అమరిన ప్రోటీను. దాన్ని తయారుచేసే ఆర్‌హెచ్‌డి జన్యువు 1వ క్రోమోజోము మీద, తనను ఎంతగానో పోలిన ఆర్‌హెచ్‌సిఈ జన్యువు పక్కనే ఉంటుంది. అసలైన నెగటివ్ వారిలో ఎక్కువమందికి ఆర్‌హెచ్‌డి జన్యువు మొత్తంగా ఉండదని 1991లో తేలింది. వీక్ డి వారిలో జన్యువు ఉంటుంది కానీ, సాధారణంగా పొరలోనో కణం లోపలి వైపునో ఒక అమైనో ఆమ్లం మారడం వల్ల, పొరలోకి చేరే ప్రోటీను బాగా తగ్గిపోతుంది. 1వ రకంలో 270వ స్థానంలో వాలీన్‌కు బదులు గ్లైసీన్ వస్తుంది. పార్షియల్ డి సంగతి వేరు. అందులో చాలాసార్లు పక్క జన్యువు ముక్క ఒకటి వచ్చి చేరి, కణం బయటికి కనిపించే భాగమే మారిపోతుంది. అలాంటివారికి పాజిటివ్ రక్తం ఎక్కిస్తే, తమలో లేని ఆ భాగం మీద యాంటీ-డి తయారుచేసుకోగలరు. ఇది వీకా, పార్షియలా అన్నది ట్యూబు చూసి నమ్మకంగా తేల్చలేం.

దాత అయితే సందేహం లేకుండా పాజిటివ్ లేబులే వెయ్యి. ఆ కొద్దిపాటి డి కూడా నెగటివ్ రోగిలో యాంటీబాడీలను పుట్టించగలదు. కాబట్టి మొదటి దశలో నెగటివ్ వచ్చిన ప్రతి దాత శాంపిలునూ 37 డిగ్రీల వద్ద ఉంచి, సెలైన్‌తో కనీసం మూడుసార్లు కడిగి, కూంబ్స్ సీరం వేసి చూడాలి. కడగడంలో తొందరపడకు, మిగిలిపోయిన కాస్త ప్రోటీను కూడా కూంబ్స్ సీరాన్ని నిర్వీర్యం చేసి తప్పుడు నెగటివ్ చూపిస్తుంది. ఫలితం చదివేటప్పుడు ట్యూబును గట్టిగా కుదపకుండా, వెలుతురుకు ఎదురుగా పట్టి మెల్లగా వంచు. నెగటివ్ అయితే అడుగున ఉన్న కణాలు పొగలా జారి కలిసిపోతాయి. వీక్ డి అయితే సన్నని నలుసులు మిగులుతాయి. నెగటివ్ అనిపించిన ట్యూబులో చెక్ సెల్స్ (ముందే యాంటీబాడీ అంటించి ఉంచిన కణాలు) వేసినా అతుక్కోకపోతే ఆ పరీక్ష చెల్లదు, మొదటి నుంచి మళ్లీ చెయ్యాల్సిందే.

పక్కన యాంటీ-డి లేని కంట్రోల్ ట్యూబు తప్పక ఉండాలి. ముఖ్యంగా పురిటిబిడ్డ కణాలకు తల్లి యాంటీబాడీలు ముందే అంటుకుని ఉంటే కూంబ్స్ దశలో వచ్చే పాజిటివ్‌కు అర్థం లేదు.

రోగి విషయంలో, మరీ ముఖ్యంగా ఆడపిల్లలకూ పిల్లల్ని కనే వయసు స్త్రీలకూ, జన్యు పరీక్ష చేయించే వీలు లేనప్పుడు నెగటివ్ రక్తమే ఇప్పించు. గర్భిణి అయితే 28 వారాలకు, బిడ్డ పాజిటివ్ అయినప్పుడు కాన్పు తర్వాత 72 గంటల్లోపు, తల్లిలో యాంటీబాడీలు పుట్టకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ పడేలా డాక్టరుగారికి రిపోర్టులోనే గుర్తుచెయ్యి. వీక్ డి 1, 2, 3 రకాలవారిని పాజిటివ్‌గానే చూడవచ్చని 2015లో అమెరికా నిపుణులు సూచించారు. అయితే ఆ రకాలు ఐరోపా సంతతిలో ఎక్కువ కాబట్టి, జన్యు పరీక్ష లేకుండా ఆ మాటను మనవాళ్లకు వర్తింపజేయకు.

ఇక, నువ్వు పాజిటివ్ అని రాసిన దాత రేపు కాన్పుకు వెళ్తే అక్కడ నెగటివ్ అనవచ్చు, ఆమె కంగారుగా నీ దగ్గరికే రావచ్చు. ఎవరూ తప్పు రాయలేదని కూర్చోబెట్టి చెప్పు. ఆమె కార్డు మీద ‘వీక్ డి: దాతగా పాజిటివ్, ఎక్కించుకోవడానికి నెగటివ్’ అని స్పష్టంగా రాసి, సంతకం చేసి ఇవ్వు.

మీ పెదనాన్న