కల్చర్‌లో స్టాఫ్ అని కనపడగానే కోడ్ వేసేయొద్దు పాపా

పాపా,

మెడికల్ కోడింగ్‌లో (జబ్బులకి కోడ్ నంబర్లు వేసే పనిలో) ఐపీ, అంటే ఆసుపత్రిలో చేరినోళ్ళ, చార్టులు ఇస్తా ఉండారు, స్టాఫ్ (స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా) న్యూమోనియా వస్తే చేతులు ఆడటం లేదు అత్తా అన్నావు కదా, చిత్తూరు బస్సులో తిరుపతికి వచ్చేటప్పుడు ఇది చదువుకో.

నంబర్లు సులభమే. స్టాఫ్‌లో మామూలు ఆరియస్ రకం అయితే జే15.211, ఎమ్మార్‌ఎస్ఏ (మెథిసిలిన్ మందుకి లొంగని ఆరియస్) అయితే జే15.212, ఎపిడెర్మిడిస్, హీమోలిటికస్, లుగ్డునెన్సిస్ లాంటి వేరే స్టాఫ్‌లు అయితే జే15.29, ఏ స్టాఫో చెప్పకుండా ఉత్త స్టాఫ్ అని రాస్తే జే15.20. డబ్ల్యూహెచ్ఓ ఐసీడీ-10 కోడ్ పుస్తకంలో జే15.2 తోనే అయిపోతాది, ఈ చీలికలన్నీ మనం వాడే అమెరికా వాళ్ళ ఐసీడీ-10-సీఎం పుస్తకంలోవి.

అసలు తంటా వేరే ఉండాది. ఎపిడెర్మిడిస్ అందరి చర్మం మీదా ఉంటాది, గళ్ళ శాంపిల్ కల్చర్‌లో (క్రిమిని పెంచి చూసే ల్యాబ్ పరీక్షలో) కనపడినంత మాత్రాన ఊపిరితిత్తుల్లో జబ్బు దానివల్లే అని కాదు, అలిపిరిలో నిలబడినోళ్ళంతా కొండెక్కేవాళ్ళే అనుకోలేం కదా. అందుకే డాక్టర్లు గ్రామ్ స్టెయిన్‌లో (రంగేసి మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) చీము కణాలు ఎక్కువున్నాయా, నోటి ఎపిథీలియల్ కణాలే నిండా ఉండాయా, ఎక్స్‌రేలో కొత్త మచ్చ ఉందా, జ్వరం ఉందా, బ్లడ్ కల్చర్ ఒక్క బాటిల్‌లోనే వచ్చిందా రెండు సెట్లలోనూ వచ్చిందా అని అన్నీ కలిపి చూస్తారు. తేల్చేది వాళ్ళు, మనం కాదు. ల్యాబ్ రిపోర్ట్ ఒక్కటి చూసి కోడ్ వేస్తే ఆడిట్‌లో గ్యారంటీగా పట్టుకుంటారు.

ఇట్లాంటి చార్ట్ అనుకో: వెంటిలేటర్ మీద ఐదో రోజు, ట్రాకియల్ యాస్పిరేట్‌లో (శ్వాసనాళంలోంచి లాగిన గళ్ళలో) హీమోలిటికస్, డాక్టర్ నోట్‌లో మాత్రం "న్యూమోనియా, వాంకోమైసిన్ కంటిన్యూ" అని ఒక్క ముక్క. ఇక్కడ డాక్టర్‌కి క్వెరీ (తేల్చి రాయమని అడిగే ప్రశ్న) పెట్టాల్సిందే. డాక్టర్ వెంటిలేటర్ వల్ల వచ్చిందని రాస్తేనే జే95.851, దాంతో క్రిమికి బి95.7, అప్పుడు జే15.29 కలపకూడదు. రాయకపోతే మిషన్ మీద ఉన్నాడు కదా అని నువ్వే తేల్చేయొద్దు.

ఇంకోటి, ఇది చానామంది పడే గుంత. రిపోర్ట్‌లో మెథిసిలిన్ రెసిస్టెంట్ అని కనపడగానే చెయ్యి జే15.212 మీదికి పోతాది. ఆగి క్రిమి పేరు చదువు. ఎపిడెర్మిడిస్ అయితే, డాక్టర్ రాసుంటే, జే15.29నే, రెసిస్టెన్స్‌కి జెడ్16 కింద వేరేగా చూసుకో.

భయంతో జే18.9 (ఏ క్రిమో చెప్పని న్యూమోనియా) వేసి గమ్మున ఉండటం కూడా తప్పే పాపా, డీఆర్‌జీ (ఆసుపత్రికి ఎంత డబ్బు వస్తాదో తేల్చే అమెరికా గ్రూపు నంబరు) 177-179 నుంచి 193-195కి పడిపోతాది. ఇన్‌పేషెంట్‌లో డిశ్చార్జ్ అప్పుడు "ప్రాబబుల్ స్టాఫ్ న్యూమోనియా" అని రాసినా కోడ్ చేయొచ్చు, ఓపీలో కుదరదు.

క్వెరీలో "ఇది హీమోలిటికస్ న్యూమోనియానే కదా" అని అడగొద్దు, అది జవాబు మనమే నోట్లో పెట్టినట్లు. కల్చర్, ఎక్స్‌రే, మందు ఏం ఉండాయో రాసి, ఆప్షన్స్ ఇచ్చి, "తేల్చలేం" అనేది కూడా ఒకటి పెట్టు. మొదటి క్వెరీ రాసినాక పంపే ముందు నాకు చూపించు, పేషెంట్ పేరు, నంబర్లు ఏమీ లేకుండా, వాక్యం మాత్రం.

మీ అత్త